అక్కకి చెప్పని జ్వరం

మా సేవా క్లబ్బుకి పరాయి దేశం నుంచి ఒక విద్యార్థిని రావడం అదే మొదటిసారి. బ్రెజిల్ పిల్ల, పదిహేడేళ్ళది. ఏడాదిపాటు ఇక్కడే చదువు. మొదట కొన్ని నెలలు బందరులో మా ఇంట్లో, ఆ తర్వాత గుడివాడ క్లబ్బు వాళ్ళింట్లో ఉండాలి. ఆ సంవత్సరం మా ఆయనే ప్రెసిడెంటు కాబట్టి నన్ను మాటమాత్రం అడక్కుండా ఒప్పేసుకుని వచ్చారు. అడిగినా కాదనేదాన్ని కాదులెండి, కానీ అడగాలిగా!

వచ్చిన రోజే పిల్ల నన్ను "మామ్" అనబోతే మా అత్తగారు అడ్డం పడ్డారు. "అమ్మ ఒక్కతే ఉంటుందే తల్లీ. దీన్ని పిన్నీ అని పిలువు" అన్నారు. ఆ పిల్ల పిన్నీ అంది. అలా ఎక్కడో సముద్రాల అవతల, ఫోన్లో తప్ప నేను చూడని ఒకావిడ నాకు అక్క అయి కూర్చుంది. ఆ వరసే తర్వాత నా ప్రాణం తోడేసింది.

దివిసీమలో కంటి క్యాంపు పెట్టినప్పుడు పిల్ల మాతో వచ్చి, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని రోజంతా డాక్టర్ల దగ్గరికి నడిపించింది. తిరిగొచ్చిన వారానికి ఒళ్ళు పెనంలా కాలిపోయే జ్వరం. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఏం పెట్టాలో, ఏం కనిపెట్టుకుని ఉండాలో డాక్టరుగారు చాలా చెప్పారు. మా చెవులకెక్కింది ఒక్కటే, తగ్గుతుందని.

"వాళ్ళమ్మకి చెబుదామండీ" అన్నాను.

"నీకేమన్నా మతిపోయిందా? అంత దూరాన ఉన్న మనిషి కంగారుపడటం తప్ప ఏం చేస్తుంది? తగ్గాక చెబుదాంలే" అన్నారు మా ఆయన.

మా వైపు ఇదొక ఆచారం. ఇంట్లో ఎవరు మంచాన పడినా, దూరాన ఉన్నవాళ్ళకి కబురు వాళ్ళు లేచి తిరిగాకే. మా నాన్నకి ఆపరేషన్ జరిగిన సంగతి కుట్లు విప్పాక గానీ నాకు తెలియలేదు, అదీ ఒక పెళ్ళిలో ఎవరో నోరు జారితే. అప్పుడు నేనెంత ఏడ్చానో గుర్తుచేశాను. "అది వేరు, ఇది వేరు" అన్నారు.

అసలు భయం ఇంకొకటి. తెలిస్తే ఆవిడ పిల్లని వెనక్కి పిలిపించేసుకుంటుంది. మొట్టమొదట వచ్చిన పిల్ల అర్ధాంతరంగా వెళ్ళిపోతే గుడివాడ వాళ్ళ ముందు మా ఆయన తలెత్తుకోలేరు. పిల్లకీ వెళ్ళడం ఇష్టం లేదు. కళ్ళు తెరవకుండానే "అమ్మకి వద్దు పిన్నీ, వచ్చేయమంటుంది" అంది. ఇక నా గోడు వినేదెవరు? మళ్ళీ దివిసీమ క్యాంపుకొచ్చాం, సిగ్నల్ సరిగ్గా లేదు అని రాసి, కంటి క్యాంపు ఫోటోలు పిల్ల ఫోన్లోంచి రోజుకొకటి మా ఆయన పంపించారు. అవతలి నుంచి ముద్దుల బొమ్మలు వచ్చేవి. అవి చూసినప్పుడల్లా ఫోన్ బోర్లా తిప్పేసేదాన్ని.

ఒక పొద్దున్న జ్వరం దిగిపోయింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అత్తగారు మెత్తటి అన్నంలో మిరియాల చారు కలిపి పెడితే పిల్ల రెండు ముద్దలు తిని కక్కేసింది. పొట్ట పట్టుకుని ముడుచుకుపోయింది. "ఇన్నాళ్ళూ లంకణాలేగా, పేగులు ఎండిపోయుంటాయి. నెమ్మదిగా సర్దుకుంటుందిలే" అన్నారు అత్తగారు. మా ఆయనైతే మర్నాడు మొక్కలు నాటే కార్యక్రమానికి పిల్లని తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. నేను చూసిన చూపుకి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నం మళ్ళీ వాంతి. చేతులు చల్లగా ఉన్నాయి. జ్వరం లేదు కదా, మరెందుకు నాకీ భయం? దీనికేదన్నా అయితే, అక్కడ వాళ్ళమ్మ ఇది నవ్వుతున్న ఫోటో చూసుకుంటూ కూర్చుంటుందే! సాయంత్రం మా ఆయన మీటింగుకని చెప్పులు వేసుకుంటుండగా ఆవిడకి వీడియో కాల్ చేశాను.

"ఏయ్, ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"మీరు నోర్మూసుకోండి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు.

అక్కడ ఇంకా పొద్దున్నే. ఆవిడ తడి జుట్టుతో, చేతిలో కాఫీ కప్పుతో ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో జ్వరం, డెంగీ, ఫోటోలు, అబద్ధాలు అన్నీ కక్కేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ, ఈ పొద్దునే" అన్నాను, అదొక్కటే మంచి కబురని.

"కడుపునొప్పి ఉందా? వాంతులు?"

"ఉన్నాయి."

"ఫోన్ పెట్టేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. మా ఊళ్ళో ప్రతి వానాకాలం ఇదే. నాకూ వచ్చింది. డెంగీలో ఎక్కువ భయపడాల్సింది జ్వరం తగ్గే వేళకే."

మాది దోమల దేశమని హడలిపోతుందనుకున్న మనిషి!

మా ఆయన చెప్పులు వేసుకునే ఉన్నారు, అదొక్కటి కలిసొచ్చింది. కారులో పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టాను. ఆస్పత్రిలో నాడి చూడగానే డాక్టరు ముఖం మారిపోయింది. సెలైన్లు పెట్టారు, మళ్ళీ మళ్ళీ రక్తం తీశారు. "రేపటిదాకా ఆగి ఉంటే..." అని డాక్టరు అంతటితో ఆపేశారు. తప్పంతా మా ఆయనదే అనలేను. సాయంత్రందాకా ఆగింది నేను కూడానూ.

గండం గడిచి, పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. ఆవిడ దాన్ని వెనక్కి రమ్మనలేదు. ఎక్కడ ఉండాలో అదే చెబుతుంది అంది. పిల్ల ఇక్కడే ఉంటానంది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళి, తప్పయిపోయింది, క్షమించమన్నాను.

"అసలెందుకు దాచారు?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

"మీరు కంగారు పడతారని."

"నా బిడ్డ అలా పడి ఉంటే నేను రోజూ హాయిగా నిద్రపోయాను" అంది. "నాచేత ఆ పని చేయించారు మీరు."