ఏడో నంబరు ప్లాస్టరు

ఉద్యోగమంటే దేన్నో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉండడమేనని నమ్మిన వయసులో, నాకు అచ్చంగా అంటించే ఉద్యోగమే దొరికింది. సేదరపేట్‌లో గాయాలకు వేసే ప్లాస్టర్లు తయారుచేసే చిన్న కంపెనీ. పొద్దున్నే నా ఎడమ ముంజేతిని స్పిరిటుతో తుడిచి, రకరకాల జిగుర్లు పూసిన ఎనిమిది ముక్కలు వరసగా అంటించేవారు. వాటితోనే స్నానం, వాటితోనే నిద్ర. మర్నాడు ఒక్కొక్కదాన్నీ ఒకే గుంజుడుతో పీకి, ఎంత గట్టిగా పట్టుకుందో చూసి మార్కు వేయాలి. (ఎన్ని వెంట్రుకలు పోయాయో రాసే గడి ఆ కాగితంలో లేదు. ఉంటే నిండిపోయేది.) ఆరు నెలల్లో నా చెయ్యి ఈకలు పీకిన కోడిలా తయారైంది. రెడ్డియార్‌పాళయంలో బస్సు దిగి ఆ చేతిని ఊపుకుంటూ ఇంటికి వస్తుంటే నాకు శాస్త్రజ్ఞుడినన్న భావన. చూసినవాళ్ళకు మాత్రం గజ్జి అనిపించేదట.

ఆ ఏడాదే అవ్వ మంచం పట్టింది. "సచ్చేది నా మంచంలోనే. యాడికీ రాను" అని పంతం. గోరిమేడు ఆస్పత్రి నుంచి ఒక నర్సక్క ఇంటికే వచ్చి సెలైన్ పెట్టేది. అవ్వ చర్మం ఉల్లిపొర. పగలకుండా అమ్మ రోజూ నువ్వులనూనె రాసేది. ఆ జిడ్డుకు ప్లాస్టరు నిలవక సూది జారిపోయేది. "నరాలు దొరకడంలా. ఈ సూది గూడా ఊడిందంటే ఇంగ ఆస్పత్రికే" అని చెప్పేసింది నర్సక్క.

అప్పుడు లేచాడు శాస్త్రజ్ఞుడు. మా కంపెనీలో ఐదుకు ఐదు తెచ్చుకున్న ఏడో నంబరు ముక్కను జేబులో పెట్టుకొచ్చాను. "ఏందిమా ఈ నూనె! జిడ్డుంటే ఎట్ల అంటుకుంటాది?" అని అమ్మను కసిరి, అవ్వ చేతిని స్పిరిటుతో శుభ్రంగా తుడిచి అంటించాను. రెండు రోజులు కదల్లేదు. నాయన కూడా మెచ్చుకున్నాడు. (జీవితంలో అదే మొదలు, అదే చివర.)

మూడో రోజు ప్లాస్టరు మార్చాలి. నర్సక్క రావడం ఆలస్యమైంది. ఆగొచ్చు కదా! కంపెనీలో నేర్పింది ఒకటే: అంచు పట్టుకో, ఆగకుండా గుంజు. అలాగే గుంజాను. ప్లాస్టరుతో పాటు సూది వచ్చింది. అగ్గిపెట్టెంత తోలూ వచ్చింది.

అవ్వ నా చేతిలోని ముక్కను చూసి, "బలే పట్టుకున్నాదిరా" అంది.

అమ్మ నన్ను గదిలోంచి తోసేసింది. నర్సక్క వచ్చి, తిట్టాల్సినవన్నీ తన తమిళంలో తిట్టి, చాలాసేపు వెతికి కుడిచేతిలో ఒక నరం పట్టింది. ఆమె ప్లాస్టరు చుట్ట తీసేసరికి అవ్వ గుమ్మం వైపు చూపించింది.

"వాణ్ణి పిలవండి."

"వాడా? మళ్ళానా?" అంది అమ్మ.

"వానికి పని రావాల గదమ్మే. ఇంగ యాడ నేర్చుకుంటాడు?"

నర్సక్క ఇచ్చిన మెత్తని కాగితం ప్లాస్టరు వేశాను. ఆ సూది నిలిచింది. ఆస్పత్రి మాట మళ్ళీ రాలేదు. ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున అవ్వ తన మంచంలోనే పోయింది.

స్నానం చేయించే ముందు ప్లాస్టరు తీయమన్నారు. "ఆమెకు ఇంగేం నొప్పిరా! లాగెయ్, ఎండెక్కతాంది" అని బయటి నుంచి చిన్నాయన తొందరపెట్టాడు. నేను లాగలేదు. అంచుల్లో నూనె వేసి, నాననిచ్చి, గోటితో కొంచెం కొంచెంగా లేపుతూ కూర్చున్నాను. అరగంట పట్టింది. తోలు ఎక్కడా లేవలేదు.

ఆ ఉద్యోగం నాకు ఎక్కువ కాలం అంటలేదు. ఇప్పుడు ఆపిల్ పండు మీది స్టిక్కరు తీయాలన్నా ఐదు నిమిషాలు కావాలి నాకు. కత్తి పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మా ఆవిడ, "కానీబ్బా, అది కుళ్ళిపోయే లోపల తినొద్దా?" అంటుంది. "వస్తాంది, వస్తాంది" అంటూ, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఇంకా అంచు వెతుక్కుంటూ ఉంటాను.