నేను తెల్లబరిచిన ముఖం

ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది. నేను నిజం చెప్పలేదు. ఏళ్లు గడిచినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో నాది ఫ్లెక్సీలు ముద్రించే షాపు. మా పనిలో ఒక అలవాటుంది. పెళ్లయినా, చావయినా, నాయకుడి పుట్టినరోజయినా, ఫొటో రాగానే ముందు ముఖం తెల్లగా చేస్తాం. చేయమని ఎవరూ అడగరు. చేయకపోతే మాత్రం గొడవకొస్తారు.

శేఖర్ అప్పట్లో నా దగ్గర డిజైన్లు చేసేవాడు. ఊరు నగరి. తల్లి చెంగమ్మ మరమగ్గాల దగ్గర కూలికి పోయి అతన్ని బొమ్మల చదువు చదివించింది. అమెరికాలో నల్లజాతి చిత్రకారులు వేసిన బొమ్మలు నాకు ఫోన్లో చూపించేవాడు. క్షవరం చేయించుకునేవాళ్లు, పాటగాళ్లు, ముసలమ్మలు, పూల గోడల ముందు రాజుల్లాగా నిలబడి ఉండేవాళ్లు. ఒక్కరి రంగూ తగ్గించలేదు చూడమనేవాడు. ఆ ఊపులోనే వాళ్లమ్మను గీశాడు, సినిమా పోస్టరులాగా. వెనక మండే నారింజ రంగు, కళ్లకు చలువద్దాలు, చేతులు కట్టుకుని చెంగమ్మ. ఆమె నలుపులో నీలం, ఊదా కలిపి మెరిపించాడు. "మాయమ్మ ఎంట్రీ సీనన్నా ఇది, విజిలెయ్యి" అన్నాడు.

అతని మొదటి బొమ్మల ప్రదర్శనకు ఆ బొమ్మనే గేటు బ్యానరుగా ముద్రించమని ఇచ్చాడు. ముఖం ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. ముట్టుకున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి పోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. అంత నల్లటి ముఖం కింద నా షాపు పేరుంటే పనితనం లేదనుకుంటారని భయపడ్డాను.

ప్రదర్శన రోజు ఉదయం శేఖర్ ముఖ్య అతిథిని తీసుకురావడానికి స్టేషనుకు పోయాడు. నేను హాలు గేటుకు బ్యానరు కట్టిస్తున్నాను. చెంగమ్మ కొత్త చీరలో వచ్చి, చాలాసేపు తలెత్తి చూసింది.

"ఇది నేనేనా నాయనా?"

"నువ్వేనమ్మా."

"ఇంత తెల్లంగా సెయ్యమని మావోడే సెప్పినాడా?"

నేనే చేశానంటే ఆమె కొడుక్కు చెప్తుంది. అతను నన్ను నిలదీస్తాడు. ఆ మాత్రానికే.

"అవునమ్మా. మీవోడు సెప్పినట్టే సేసినాము."

ఆమె కోప్పడలేదు. "పోనీలే. పదిమందిలో వానికీ నామర్దా గదా" అంది. వెనక్కి తిరిగింది. అసలు బొమ్మ గుమ్మం దాటితే ఉంది, ఆమె రంగుతోనే ఉంది. లోపలికి పోయి చూడమ్మా అని ఒక్క మాట అనడానికి నాకేమైంది?

శేఖర్ వచ్చి బ్యానరు చూసి పీకేయించాడు. మిషన్లో రంగు అట్లా పడిందన్నాను. అమ్మ రాలేదా అంటే, అన్నీ చూసి వెళ్లిపోయిందన్నాను. ఒక అబద్ధం కోసం ఇంకొకటి.

చెంగమ్మ మళ్లీ ఎప్పుడూ అతని ముందు బొమ్మకు కూర్చోలేదు. నల్లగా గీశానని అమ్మ చిన్నబుచ్చుకుందని శేఖర్ నాతోనే బాధపడ్డాడు. నేను తల ఊపాను. అవతలివాళ్ల మనసు నొచ్చుకుంటుందని తల్లీకొడుకులు ఆ మాటే ఎత్తుకోలేదు. మెల్లగా అతను మనుషుల్ని గీయడం మానేశాడు. ఇప్పుడు చెన్నైలో ఇళ్ల గోడలకు లతలూ ఆకులూ వేస్తున్నాడు.

ఈ మధ్య చెంగమ్మ చనిపోయింది. వీధిలో కట్టే సంతాపం ఫ్లెక్సీ కోసం శేఖర్ ఆమె ఫొటోతో నా షాపుకే వచ్చాడు.

"ఈసారి నువ్వే తెల్లంగా సెయ్యన్నా. ఆమెకదే ఇష్టం."

మౌస్ పక్కకు నెట్టాను. మొత్తం చెప్పేశాను. అతను ఒక్కటే అడిగాడు, ఆమె లోపలికి రానేలేదా అని. రాలేదన్నాను. నా బల్ల మీదున్న ఫొటో తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పేశాక నాకు కొంచెం ఊపిరాడింది. అది నా ఒక్కడికే. ఆమెకు ఎవరు చెప్తారు?

"తప్పు నాది శేఖరా" అన్నాను. "మీయమ్మకు అబద్ధం సెప్పినాను. నీకూ సెప్పినాను. నీకు నామర్దా లేదని ఆమెకు తెలీకుండానే పంపించినాను. మన్నించమని అడిగేదానికి గూడా ఆలస్యమైపోయింది. అయినా అడగతా ఉండా."