మూతి నిజంగా వంకరపోయిన రోజు

నా మొహం బాగుందని ఎవరూ ఎన్నడూ అనలేదు. అందుకే అది పాడైనా వెంటనే ఎవరికీ తెలియలేదు.

ఆ ఉదయం చాయ్ సగం నోట్లోకి, సగం అంగీ మీదికి పోయింది. మూతి ఎడమకు గుంజుకుపోయింది. మా ఇంటామె సాయమ్మ పడిపడి నవ్వింది. ఆమె తప్పేం లేదు. మన్ననూర్‌లో మూతులు తిప్పి నవ్వించడమే నా పని, కూలి దాని తర్వాతే.

"చాల్తియ్, పనికి యాళ్లయితుంది" అంది.

వేషం కాదు, నిజమేనని చెప్పబోతే మాట ముద్దయింది. దానికి ఇంకా నవ్వింది. కళ్లు మూశాను. కుడి కన్ను మూతపడలేదు. అప్పుడు ఆమె నవ్వు ఆగింది.

108లో నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయాం. పక్షవాతమేనని సాయమ్మ దారంతా ఏడ్చింది. డాక్టరమ్మ చేతులు లేపించి, నుదురు ముడవమని చూసి, సీటీ స్కాన్ తీయించింది.

"స్ట్రోక్ కాదు, బెల్స్ పాల్సీ. ఫేషియల్ నర్వ్, అంటే మొకం నరం వాచింది. జల్ది వచ్చిండ్రు, మంచిదైంది."

స్టెరాయిడ్ గోలీలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు కంటికి టేపు. ఆపైన ఫిజియోథెరపీ: అద్దం ముందు బుగ్గలు ఉబ్బించాలి, ఈల వేయాలి.

"గీ పని చేసినందుకే నన్ను బడిలకెళ్లి ఎల్లగొట్టిండ్రు మేడం" అన్నాను. ఆమె నవ్వింది.

వారం వారం రమ్మన్నారు. రెండుసార్లు పోయి మానేశాను. చుక్కలు అయిపోయినా తెచ్చుకోలేదు. మిరప కల్లంలో దుమ్ముకు కన్ను ఎర్రబడి, చూపు మసకబారితే మళ్లీ దవాఖానకు పోయాను.

"కార్నియా, గదే కంటి మీది పొర దెబ్బతింటే చూపు పోతది. ఎందుకు రాలే?" అంది డాక్టరమ్మ.

"బస్సెక్కితే కూలి పోతది, కూలికి పోతే బస్సు పోతది మేడం."

ఈసారి నవ్వలేదు. "మీ ఊర్ల గిట్ల ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగింది. పక్షవాతం వచ్చి ఊరు దాటలేని ఈరమ్మవ్వ గురించి చెప్పాను. కొన్నాళ్లకు ఫిజియోథెరపీ సారే వారానికోసారి మా పల్లె దవాఖానకు రావడం మొదలుపెట్టాడు, అదీ పొద్దున్నే, కూలికి పోకముందే.

నేనూ ఈరమ్మవ్వా ఎదురెదురుగా కూర్చుని బుగ్గలు ఉబ్బిస్తాం. "నాకన్న నీదే వంకర బిడ్డా" అంటుంది. ఇప్పుడు నా కన్ను తేటపడింది. ఈల కూడా వస్తోంది, రాగం మాత్రం మునుపూ లేదు.

మూతి వంకరపోతే పసరు మందు కోసం ఆగకండి, వెంటనే 108కు ఫోన్ చేయండి. దవాఖాన దూరమైతే మానేసి ఊరుకోకుండా, ఆ సంగతే డాక్టరుకు చెప్పండి.

మొన్న సాయమ్మ ముందు మూతి తిప్పి, "ఆ దినం నవ్వితివి గదనే" అని దెప్పాను.

"ఇగ ఆ మూతి తిప్పుడు ఫిజియో సారు ముందటనే తిప్పు. ఇంట్ల దినాం తిప్పితే, మల్ల నిజంగ వంకరపోయిన నాడు నాకెట్ల తెల్వాలె?"