మిషను చప్పుడు వెనక

ఆదివారం ఆడియో సామాన్ల షాపు తెరవగానే టైలరు మాస్టారు మెడలో టేపుతోనే వచ్చి, పాత హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెడతారు. "వీటికి వేరే యాంప్లిఫయర్ కావాలంటావా?" ప్రతి వారమూ ఇదే ప్రశ్న. ఆయన వినేది పాట కాదు. మెకానిక్‌కి వినిపిద్దామని ఒకప్పుడు ఫోన్లో రికార్డు చేసిన తన కుట్టుమిషను చప్పుడు. దాని వెనక, లోపలి గదిలోంచి, ఇప్పుడు లేని భార్య ఏదో అంటోంది. ఏమంటోందో తెలియదు. ఈసారి షాపతను యాంప్లిఫయర్ తగిలించి మరీ వినిపించాడు. వింటున్నంతసేపూ మాస్టారి కాలు బల్ల కింద మిషను తొక్కుతున్నట్టే ఆడింది.

"మీకు ఫోనే చాలు మాస్టారూ. ఇది పెడితే అమ్మగారి గొంతుతో పాటు మిషను మోతా పెరుగుతుంది," అన్నాడు షాపతను.

మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి, వైరును వేలికి దారంలా చుట్టుకున్నారు.

"అవునయ్యా. ఆ పూట కాస్త కాలు ఆపితే సరిపోయేది."