బ్యాండ్ సా ముందు ఐడి కార్డు

రిటైరయ్యే ముందు చివరి ఆరేళ్లు నేను శంషాబాద్‌లో పనిచేశాను. విమానాల్లో వెళ్లే యంత్రాలకు చెక్కపెట్టెలు తయారుచేసే కార్ఖానాలో, ఓ ఎండాకాలం, షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరాను. పదవి కొత్త, పెత్తనం ఇంకా కొత్త. గేటు దాటిన ప్రతివారి మెడలో ఐడి కార్డు వేలాడాలన్నది అక్కడి రూలు. తప్పితే మెమో. మూడో మెమోతో ఉద్యోగం పోతుంది.

బ్యాండ్ సా మీద మల్లేశం ఉండేవాడు, మహేశ్వరం మనిషి. అది రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం. మందపాటి చెక్కను అంచు మీద నిలబెట్టి, నిలువునా పలుచని పలకలుగా చీల్చడం అతని పని. చీల్చడం సరే, అంతకుముందు అతను చేసుకునే సన్నాహం చూడాలి! మెయిన్ స్విచ్ ఆపి, మిషన్ తలుపు తెరిచి, బ్లేడు అతుకు దగ్గర పగులుందేమో చూసేవాడు. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి బిగువు సరిచేసేవాడు. చెక్కలో మేకులున్నాయేమో వెతికేవాడు. బ్లేడు పళ్లు అవసరానికి మించి బయటపడకుండా వాటిని కప్పే గార్డును చెక్క పైదాకా దించేవాడు. పనికిరాని ముక్కనొకదాన్ని కోసి, బ్లేడు ఎటు లాగుతోందో కనిపెట్టి, చెక్కకు ఆసరాగా ఉండే గైడును అటు జరిపేవాడు. లారీ వచ్చి నిలబడ్డా తొణికేవాడు కాదు. నా గాజు క్యాబిన్‌లోంచి అది చూస్తుంటే ముచ్చటేసేది. పైకి మాత్రం గుర్రుమనేవాణ్ణి.

చివరికి చొక్కా చేతులు పైకి మడిచి, కార్డు తీసి గోడ మేకుకు తగిలించేవాడు. అడిగితే, “మిషన్ కాడ వద్దు సార్” అన్నాడు. సాకనుకున్నాను. రెండు మెమోలు ఇచ్చాను.

మూడోది తీసుకుని నేనే మిషన్ దగ్గరికి వెళ్లి సంతకం పెట్టమన్నాను.

“పెడ్త సార్, జర ఆగుండ్రి” అని మెయిన్ స్విచ్ ఆపాడు. మేకుకున్న తన కార్డు తెచ్చి, దాని రిబ్బన్‌ను బ్లేడు పళ్లకు తాకించి, తలుపు తెరిచి పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. పన్ను రిబ్బన్‌ను పట్టేసి బల్ల సందులోకి గుంజుకుపోయింది. కార్డు టక్కున బల్లకు కొట్టుకుంది.

“చేత్తోని తిప్పితేనే గిట్ల గుంజె. మోటరు నడుస్తుంటే మెడ ఏమైతది? నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతది సార్” అన్నాడు. తర్వాత నా ఛాతీ వైపు చూసి, “మీది గూడ తియ్యుండ్రి” అన్నాడు.

నేను వంగి చూస్తుంటే నా కార్డు బ్లేడుకు జానెడు దూరంలో ఊగుతోంది. సిగ్గేసింది, భయమూ వేసింది. మెమో చింపేశాను. యంత్రాల దగ్గర కార్డులు వద్దని మేనేజరుకు రాసి, ఒప్పించాను.

మెమో రాసే ముందు ఆ మనిషి పనిచేసే చోట నిలబడి చూడాలి. నేను మూడు రాసిన తర్వాత నిలబడ్డాను.