ఏసురాజు మూడు ట్రిప్పులు

బద్వేలులో నలభై ఏళ్లు బేల్దారి పని చేసిన ఏసురాజుకు ఒక పేరుండేది. ఆయన చెప్పినంత ఇసుక తోలిస్తే ఇల్లు పూర్తయ్యేసరికి ఒక్క గంప కూడా మిగిలేది కాదట. ఒకసారి అరగంప మిగిలితే, ఎవరూ చూడకముందే టవల్లో మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయాడట. ఈ సంగతి చెప్పింది ఏసురాజే కాబట్టి, పావుగంప అనుకుందాం.

భార్య పోయాక ఆదోని అవతల ఉన్న మా ఊరికి, కూతురు మహిమ దగ్గరికి వచ్చేశాడు. ఇక్కడ ఆయన పేరుతో ఎవరికీ పని పడలేదు. వీధిలో ‘మహిమ వాళ్ల నాయన’, చర్చిలో అల్లుడి పేరు మీద ‘జోసెఫ్ మామ’. ఆరు నెలలపాటు తన పేరు తన చెవిన పడకుండా బతికాడు. పాస్టరుగారు ప్రార్థనలో పెద్దల పేర్లు చదువుతున్నప్పుడు మాత్రం, కళ్లు మూసుకోవలసిన మనిషి ఒక కన్ను తెరిచి వినేవాడు.

మే నెలలో అవకాశం వచ్చింది. నెలాఖరు ఆదివారం బిషప్ గారు వస్తున్నారు. చర్చి ముందు పూలతోట వేయాలన్నారు. మాది నల్లరేగడి నేల, గులాబీలకు పనికిరాదు. చుట్టూ నాపరాళ్లు నిలబెట్టి, లోపల ఎర్రమట్టి పోయించాలి. ఎన్ని ట్రాక్టర్లు కావాలి?

ఏసురాజు అడుగుకొక ముడి వేసిన తాడు తీసి నేల కొలిచాడు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, అరడుగు మందం. ట్రాక్టరు నడిపే వీరభద్ర ట్రాలీలో వంద ఘనపుటడుగులు పడుతుంది. కాన్వెంటులో సిస్టర్లు నాకు గుణకారం బెత్తంతో నేర్పారు. నేనూ వేసి చూశాను. లెక్కలో తప్పు లేదు.

“మూడు ట్రిప్పులు,” అని ప్రకటించాడు ఏసురాజు. “నాలుగోది దింపితే నన్ను పేరు పెట్టి పిలవొద్దండి.”

“ఇప్పుడు మాత్రం ఎవురు పిలుస్తాండారప్పా?” అంది హులిగెమ్మ. చర్చి ఎదురింట్లో ఉండే ముసలమ్మ ఆమె. ఆ పొలాల్లో అరవై ఏళ్లు కూలి చేసింది. “నా మాట ఇను. ఎండాకాలం నేల ఆకలితో ఉంటాది. ముందు దానికి కడుపునిండా నీళ్లు తాపి, ఆమీద మట్టి పొయ్యండి.”

ఏసురాజు ముఖం గంభీరమైపోయింది. మా వైపు విత్తనాలు వేసేటప్పుడు కొందరు నేలకు నీళ్లు, పసుపు పెట్టి మొక్కడం ఆయన చూశాడు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

“అక్కా, మేము దేవుని బిడ్డలం. నేలకు నైవేద్యాలు పెట్టం. బిషప్పు వచ్చే చోట అసలే పెట్టం.”

“మీ దేవుడు నెర్రెలు పూడుస్తాడేమో చూస్తాం లే,” అని ఆమె అరుగు మీద కూర్చుంది.

మే నెలలో రేగడి ఎలా పగులుతుందో బద్వేలు ఎర్రనేల మనిషికి తెలియదు. మా నెర్రెల్లో చెయ్యి పెడితే భుజం దాకా పోతుంది. వెనకొకసారి ఒక కోడిపిల్ల అందులో పడి పక్క ఊళ్లో తేలిందంటారు. పడడం నేను చూడలేదు. కోడిని మాత్రం చూశాను, అప్పటికది పుంజయింది.

శనివారం పొద్దున మొదటి ట్రిప్పు దించారు. మట్టి పరిచేకొద్దీ సన్నగా జారిపోతూ ఉంది. రెండోది దించారు. మూడోది కూడా పరిచాక చూస్తే అరడుగు రాయికి రెండంగుళాల మట్టి.

“పెద్దాయనా, మట్టి యాడికి పోతాండాది?” అన్నాడు వీరభద్ర.

“నీ ట్రాలీ శానా చిన్నది!”

తాడుతో ట్రాలీ కొలిచాడు. వందకు పైనే ఉంది. ఏసురాజు కాసేపు తాడు ముడులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత వీరభద్రను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: “ఇంకొకటి తీస్కరా. వెనక సందులోంచి రా. ఎవరన్నా అడిగితే, మూడో ట్రిప్పులోదే, కొంచెం వెనకబడింది అని చెప్పు.”

వెనకబడిన మూడో ట్రిప్పు దిగింది. చాలలేదు. దానికీ వెనకబడింది ఒకటి వచ్చింది.

ట్రాక్టరును సందులోంచి తెస్తే చప్పుడు తగ్గదు కదా. హులిగెమ్మ అరుగు మీద నుంచే ఐదు వేళ్లూ ఎత్తి చూపించింది.

ఆదివారం బిషప్ గారు తోట చూసి, “చాలా సమతలంగా ఉంది” అన్నారు. ఎవరు చేశారని అడిగితే పాస్టరుగారు, “మా జోసెఫ్ మామ” అన్నారు. ఏసురాజు ఆ పూట అన్నం తినలేదు.

జూలైలో వానలు పడ్డాయి. నీళ్లు తాగిన రేగడి ఉబ్బింది. నెర్రెలు మూసుకుంటూ, మింగిన మట్టిని మెల్లగా పైకి నెట్టాయి. తోట పులిసిన పిండిలా పొంగి, రాళ్లు దాటి చర్చి మెట్ల దాకా వచ్చింది. వీరభద్ర మళ్లీ వచ్చి రెండు ట్రిప్పులు ఎత్తుకుపోయాడు. మిగిలింది రాళ్లకు సరిగ్గా సమానంగా నిలిచింది.

“చూస్తిరా?” అని ఏసురాజు వీధిలో అందరినీ ఆపి చెప్పాడు. “లోపల ఉండేది మూడే! నేను చెప్పింది వానాకాలం లెక్క.”

“తెచ్చింది ఐదు, తీసింది రెండు. నీ మూడుకు నా ట్రాక్టరు ఏడుసార్లు తిరిగెనప్పా,” అన్నాడు వీరభద్ర.

అంతే, ఊరికొక కొత్త కొలత దొరికింది. పెళ్లికి మూడు బస్తాల బియ్యం చాలని ఎవరైనా అంటే, “మామూలు మూడా, ఏసురాజు మూడా?” అని అడగడం మొదలైంది. వాన మూడు రోజుల్లో తగ్గుతుందని టీవీలో చెబితే, ఏసురాజు మూడే అయ్యుంటుందని గొడుగులు పట్టుకు పోయారు. బడి పిల్లల దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా ఆయన పేరు తెలియనివాళ్లు లేరు.

మహిమకు తల కొట్టేసినట్టయింది. ఒకరోజు సంగటి వడ్డిస్తూ అనేసింది: “నాయనా, ఊరంతా నిన్ను ఎగతాళి చేస్తాండాది. నీకు అర్థమైతాండాదా?”

ఏసురాజు ముద్దను పచ్చడిలో అద్దుకుని, “పేరు తప్పు పలుకుతాండారా?” అని అడిగాడు.

మహిమ ఆలోచించింది. లేదు, అందరూ సరిగ్గానే పలుకుతున్నారు.

“అయితే ఇంకొంచెం సంగటి పెట్టు,” అన్నాడాయన.