పేరు అడిగాకే మందు

మా ఆవిడ పోయి ఇరవై రోజులైంది. మీలో చాలామందికి ఫోన్ చేయలేదు. ఆ మాట పైకి అనడానికి భయపడ్డాను. అందుకే రాస్తున్నాను.

ఆవిడ నర్సు. రెండేళ్ళ డిగ్రీతో ఇక్కడి ఆస్పత్రిలో చేరింది. నాలుగేళ్ళ బాచిలర్స్ డిగ్రీ లేనిదే ఐసీయూలో డ్యూటీ వెయ్యం అన్నారు. యూనివర్సిటీ గంటన్నర దూరం. ఆవిడకి హైవే అంటే వణుకు. అప్పుడే ఫ్లోరిడాలో, అంతవరకు రెండేళ్ళ కోర్సులే చెప్పే కమ్యూనిటీ కాలేజీలు నర్సింగ్ బాచిలర్స్ మొదలుపెట్టాయి, మా ఊళ్ళో కూడా.

"ఫస్ట్ బ్యాచ్‌లో చేరతావా? రేపు ఆ డిగ్రీ చెల్లదంటే?" అన్నాను.

"చదువైనా మిగులుతుంది కదండీ."

నా భయం అక్కడితో ఆగలేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో ఎవరో అడిగితే, స్టేట్ యూనివర్సిటీలో చదువుతోందని చెప్పేశాను. పులిహోర గిన్నెతో ఆవిడ నా వెనకే ఉంది.

"కాదు అన్నయ్యగారూ, కమ్యూనిటీ కాలేజే. మీ ఇంటి నుంచి మూడో సిగ్నల్. ఈయనకి దారి తెలీదు, పాపం!"

అందరూ నవ్వారు.

ఆవిడ భయం వేరు. తన చేతి మందు ఒకరికి బదులు ఇంకొకరికి వెళ్తుందేమోనని. చదివే రోజుల్లో నా బీపీ మాత్ర ఇచ్చే ముందు కూడా పేరు, పుట్టినరోజు అడిగేది.

"ఇన్నేళ్ళు కాపురం చేసి, నేనెవరో తెలీదుటోయ్?"

"తెలుసనుకున్నప్పుడే తప్పు జరిగేది."

డిగ్రీ చెల్లింది. ఆవిడ ఐసీయూలో ఆరేళ్ళు పనిచేసింది. తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో అదే ఐసీయూలో పేషెంటుగా పడుకుంది.

మందు తెచ్చిన నర్సు మన తెలుగమ్మాయే. మరీ చిన్నపిల్లలా కనిపించింది. ఎక్కడ చదివావమ్మా అని అడిగాను.

"ఆంటీ చదివిన కాలేజే, అంకుల్."

ఆవిడ కళ్ళు నావైపు తిరిగాయి.

రోజూ ఆ అమ్మాయి అడిగేది, ఆవిడ ఆయాసపడుతూనే పేరు, పుట్టినరోజు చెప్పేది. ఎక్కడ ఆగిపోతుందోనని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. చివరి రోజు ఆవిడకి మాట రాలేదు.

"ఆంటీ పేరు మీరు చెప్పండి, అంకుల్. ఫుల్ నేమ్."

"నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. అయినా అడగాలి. నేను కొత్తగా చేరినప్పుడు ఆంటీయే నేర్పారు."

ఇంట్లో నేను ఆవిణ్ణి ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఏమోయ్' అంటే పలికేది. ఇంటిపేరుతో సహా ఆ రోజు చెప్పాను. నేను చెబుతుంటే ఆ అమ్మాయి వేలు, ఆవిడ మణికట్టు మీది పేరు పట్టీపై ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ కదిలింది.